ఆ ఎండాకాలం నేను రక్తకణాలు లెక్కపెట్టాను

విశాఖలో ఇంటర్ చదువుతూ వేసవి సెలవుల్లో బయోమెడికల్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేయొచ్చా అని మా జూనియర్లు తరచూ అడుగుతుంటారు. చేయొచ్చు. బైపీసీ ఫస్టియర్ పరీక్షలు అయ్యాక వచ్చిన సెలవులు నేను అలాగే గడిపాను. దరఖాస్తు ఫారం, ఆఖరి తేదీ, సెలక్షన్ లిస్టు లాంటివేవీ లేకుండా దొరికింది కాబట్టి, ఎలా దొరికిందో, లోపల ఏం పని చేశానో కాస్త వివరంగా రాస్తున్నాను. ఆ డిపార్ట్‌మెంట్ పేరు మాత్రం రాయను. అక్కడ ఇంటర్ పిల్లల కోసం ప్రత్యేకంగా పథకమేదీ లేదు, మేడమ్ తన చొరవతోనే నన్ను రానిచ్చారు. పేరు రాస్తే ఆవిడకి ఊపిరాడదు.

నెట్‌లో వెతికితే ముందు కనిపించేవన్నీ అమెరికావి. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో, స్టాన్‌ఫోర్డ్ మెడిసిన్‌లో హైస్కూలు పిల్లలకి ఎండాకాలం పరిశోధన ప్రోగ్రాములు అప్పట్లో కనిపించాయి. చదువుతుంటే నోరూరుతుంది. కానీ అర్హతలు చూస్తే ఆ రెండింటికీ అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయ్యుండాలని ఉంది. 1984లో మొదలై, ఇప్పుడు ఎంఐటీలో జరుగుతున్న రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు ఉచితమే గానీ వాళ్లు తీసుకునేది కొద్దిమందినే. మన దేశంలో చూస్తే, సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ డిగ్రీ, పీజీ విద్యార్థులకీ లెక్చరర్లకీ. ఇంటర్ పిల్లలకి దగ్గరగా వచ్చేది కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖవారి ఇన్‌స్పైర్ క్యాంపు. పదో తరగతిలో బోర్డు మొత్తమ్మీద పైనున్న ఒక శాతం మందిని పిలిచి, కొన్ని రోజులపాటు శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు. పిలుపు వస్తే తప్పకుండా వెళ్లండి. కానీ అది వినే క్యాంపు. ఒక ల్యాబ్‌లో వారాల తరబడి ఒకే పని మీద కూర్చోవాలంటే అడగాల్సింది ఇక్కడే, మన ఊళ్లోనే అని నాకు అప్పుడే అర్థమైంది.

విశాఖలో ఆ పాటి చోట్లు లేకపోలేదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, అందులో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, హ్యూమన్ జెనెటిక్స్, ఫార్మసీ అన్నీ ఉన్నాయి. గీతం యూనివర్సిటీ ఉంది. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. నేనుండే గాజువాక నుంచి ఇవన్నీ ఒక బస్సు దూరం, మహా అయితే రెండు బస్సులు.

ఈ మధ్యలో ఒక ఆన్‌లైన్ సంస్థవాళ్లు ఫోన్ చేశారు. ఫీజు కడితే ఇంట్లో కూర్చునే "రీసెర్చ్ ఇంటర్న్‌షిప్" చేయిస్తామనీ, చివర్లో నా పేరుతో పేపర్ కూడా వచ్చేస్తుందనీ చెప్పారు. ఏ ప్రశ్న మీద పని చేస్తాం, ఎవరు నేర్పిస్తారు అని నాన్న అడిగితే అవతల జవాబు లేదు. ఫీజులో డిస్కౌంట్ గురించే మళ్లీ మళ్లీ చెప్పారు. పదహారేళ్ల పిల్లలకి పేపర్ హామీ ఇచ్చేవాళ్లని నమ్మొద్దని గట్టిగా చెబుతున్నాను. ఎంత పెద్ద ప్రొఫెసర్ అయినా పని మొదలుకాక ముందే పేపర్ వస్తుందని చెప్పలేరు.

నాకు ఈ ఆసక్తి పుట్టింది మా పిన్ని వల్ల. పాడేరు వైపు ఒక పీహెచ్‌సీలో ఆవిడ స్టాఫ్ నర్సు. పండక్కి వచ్చినప్పుడల్లా అక్కడి పిల్లల గురించి చెప్పేది. చలికాలంలో కీళ్లు పట్టేసి రాత్రంతా ఏడుస్తారనీ, కళ్లు పచ్చగా ఉంటే తల్లులు పసిరికలని నాటు మందు పోయిస్తారనీ, తీరా పరీక్ష చేస్తే సికిల్ సెల్ అని తేలుతుందనీ. మాకు జువాలజీలో అదే పాఠం ఉంది. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తుంది, ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలిలా వంగిపోతుంది. ఒకటో రెండో మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కులకీ, పిన్ని చెప్పే పిల్లల ఏడుపుకీ మధ్య ఏం జరుగుతుందో చూడాలనిపించింది.

ఉత్తరాలు జనవరిలో మొదలుపెట్టాను. ఒకే ఉత్తరం అందరికీ పంపలేదు. ఆయా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఎవరు దేని మీద పని చేస్తున్నారో చదివి, ఆ పని గురించి నాకు అర్థమైనంత రెండు వాక్యాల్లో రాశాను. నేను ఎవరిని, ఏం చదువుతున్నాను, ఏ నెలల్లో రాగలను, రోజుకి ఎంతసేపు ఉండగలను, నా వయసు పద్దెనిమిది లోపు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి పత్రం తెస్తాను. అంతే. మా ఇంగ్లిష్ లెక్చరర్ చూసి, పొగడ్తలున్న వాక్యాలన్నీ కొట్టేశారు. ఉత్తరం అరపేజీకి దిగింది, చాలా బాగుపడింది. ఈమెయిల్ పంపి, కొన్నిచోట్ల ప్రింటు తీసి నేరుగా వెళ్లి ఇచ్చాను. ఎక్కువమంది జవాబివ్వలేదు. ఒకరిద్దరు మైనర్లని తీసుకోవడానికి మా రూల్స్ ఒప్పుకోవని మర్యాదగా రాశారు. అది న్యాయమైన మాటే. రోగుల శాంపిళ్లు, ఆసిడ్లు, సూదులు ఉన్నచోటికి పిల్లల్ని రానివ్వాలంటే బాధ్యత ఎవరో ఒకరు నెత్తికెత్తుకోవాలి.

మార్చి నెలాఖరులో ఈ మేడమ్ నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది, నాన్నతో కలిసి రమ్మని. నాన్న డ్యూటీ మార్చుకుని వచ్చారు. ఆవిడ నాతో మాట్లాడింది తక్కువ, నాన్నతో మాట్లాడింది ఎక్కువ.

"చూడండీ, మీ అమ్మాయి రక్తం ముట్టుకోదు. పేషెంట్ల దగ్గరికి వెళ్లదు. ఫోటోలు లెక్కపెడుతుంది, నీళ్లు కొలవడం నేర్చుకుంటుంది. ఇంతేనా అని తర్వాత అడగకూడదు."

నాన్న నా వైపు చూశారు. సరేనండీ అన్నాను.

ఇంట్లో అసలు టెన్షన్ వేరే. బోర్డు సెలవులిచ్చినా మా కాలేజీ సెకండియర్ సిలబస్ మొదలుపెట్టేసింది. తోటివాళ్లంతా నీట్ బ్యాచ్‌లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉంటే, నేను ల్యాబ్‌లో ఫోటోలు చూస్తుంటే ర్యాంకు ఏమైపోతుందోనని అమ్మ బెంగపెట్టుకుంది. ఆ బెంగ తప్పని నేను అనను. చివరికి ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకూ ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ల్యాబ్‌కి వెళ్లేలా ఒప్పందం కుదిరింది. కాలేజీవాళ్లతో నాన్న మాట్లాడారు. వాళ్లు సంతోషంగా ఒప్పుకోలేదు గానీ ఒప్పుకున్నారు.

కాగితాల పని ఒక్క పూటలో అయిపోయింది. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, కాలేజీ నుంచి బోనఫైడ్, ఆధార్ జిరాక్స్, ఫోటోలు, ఇంకా అక్కడ చూసినదేదీ బయట చెప్పనని, ఫోటోలు తీయనని నేను రాసిచ్చిన హామీ.

మొదటి వారమంతా మైక్రోపిపెట్‌తో రంగునీళ్లు కొలవడమే. నేర్పింది పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క. పిపెట్ మీటకి రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు దాకా నొక్కి, పిపెట్ కొనని నీళ్లలో ముంచి నెమ్మదిగా వదలాలి. బయటికి పోసేటప్పుడు మాత్రం రెండో మెట్టు దాకా నొక్కాలి. చెప్తే నిమిషం, చేస్తే చెయ్యి వణుకుతుంది. అక్క నన్ను పరీక్షించిన పద్ధతి నాకెంతో నచ్చింది. ఒక మైక్రోలీటరు నీరు ఒక మిల్లీగ్రాము తూగుతుంది. కాబట్టి 100 మైక్రోలీటర్లు తీసి సున్నితమైన తక్కెడ మీద పోస్తే 0.1 గ్రాము చూపించాలి. అలా పదిసార్లు పోసి, పది బరువులూ రాసి, సగటు ఎంతుందో, ఒక్కోటి సగటుకి ఎంత దూరంలో ఉందో లెక్కేయాలి. సగటు సరిగ్గా 0.1 వచ్చినా విడివిడి బరువులు చెల్లాచెదురుగా ఉంటే ఆ చెయ్యి ఇంకా కుదురుకోలేదన్నమాట. స్టాండర్డ్ డీవియేషన్ అన్న మాట నేను చదివే ఉన్నాను. అది నా వేళ్లలో ఉంటుందని అప్పుడే తెలిసింది.

తర్వాత అసలు పని మొదలైంది. అక్క పరిశోధన హైడ్రాక్సీయూరియా అనే మందు గురించి. ముందు క్యాన్సర్‌కి వాడిన మందది. సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లకి వాడేందుకు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. పుట్టక ముందు బిడ్డ రక్తంలో ఉండే హీమోగ్లోబిన్‌ని ఇది మళ్లీ కొంత పెంచుతుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు కణాలు అంత తేలిగ్గా వంగవు. మందు మొదలుపెట్టక ముందూ, కొన్ని నెలల తర్వాతా తీసిన రక్తపు స్మియర్లలో (గాజుపలక మీద పల్చగా పూసిన రక్తపు పొరల్లో) వంగిన కణాలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం ఆ పరిశోధనలో ఒక చిన్న భాగం. ఎథిక్స్ కమిటీ అనుమతి అంతకుముందే ఉంది. నాకు వచ్చినవి కంప్యూటర్‌లో ఫోటోలు మాత్రమే, వాటికి పేర్లుండవు, నంబర్లుంటాయి. ఏ ఫోటో మందుకి ముందుదో, ఏది తర్వాతదో నాకూ చెప్పలేదు, నాతోపాటు లెక్కపెట్టే ఎమ్మెస్సీ అన్నయ్యకీ చెప్పలేదు. తెలిస్తే, మందు పనిచేయాలన్న కోరికతో మన కళ్లే కొన్ని కణాల్ని వదిలేస్తాయట. నిజాయితీ ఉన్నవాళ్ల కళ్లయినా సరే. ఆ జాగ్రత్త వెనకున్న వినయం నన్ను కదిలించింది.

లైష్‌మన్ రంగు వేసిన స్మియర్‌లో మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, గులాబీ రంగులో, మధ్యలో పాలిపోయి ఉంటుంది. అడ్డంగా ఏడెనిమిది మైక్రోమీటర్లు. కొడవలి కణం చూడగానే తెలిసిపోతుంది. చిక్కంతా ఈ రెండింటికీ మధ్య ఉన్నవాటితోనే. కోడిగుడ్డులా కాస్త సాగినవి, ఒకవైపే మొన తేలినవి, పక్క కణం తోసేయడంతో వంకరగా కనిపించేవి. మొదటి విడత ఫోటోలు నేనూ అన్నయ్యా వేరువేరుగా లెక్కపెట్టి పోల్చితే, గుండ్రటివాటిలో బాగా కలిశాం, మధ్య రకంలో అస్సలు కలవలేదు.

అప్పుడు మేడమ్ కోహెన్ కప్పా అనే లెక్క చూపించారు. ఇద్దరు మనుషులు ఎంత ఏకీభవించారో చెప్పేటప్పుడు, ఊరికే కాకతాళీయంగా కలిసినదాన్ని తీసేసే లెక్క అది. ఆవిడ చెప్పిన ఉదాహరణ నాకిప్పటికీ గుర్తే. ఇద్దరూ కళ్లు మూసుకుని నూటికి 90 కణాలకి "మామూలు" అని, మిగతా 10కి "వంకర" అని ఇష్టమొచ్చినట్టు రాశారనుకో. అయినా దాదాపు 82 చోట్ల ఇద్దరి జవాబూ ఒకటే అవుతుంది. 0.9ని 0.9తో, 0.1ని 0.1తో హెచ్చవేసి కూడితే వచ్చేది అదే. కాబట్టి "82 శాతం కలిశాం" అని సంతోషపడటానికేమీ లేదు.

ఆ తర్వాత కొన్ని రోజులు లెక్కపెట్టడం పూర్తిగా ఆపేసి నియమాలు రాశాం. ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉంటే వంగినట్టు? ఒక మొన చాలా, రెండూ ఉండాలా? ఒకదానిమీద ఒకటి పడిన కణాల్ని ఏం చేయాలి? ఫోటో అంచులో సగం తెగిన కణం లెక్కలోకి వస్తుందా? ఒక్కో ప్రశ్న మీద అక్క, అన్నయ్య, నేను వాదించుకున్నాం. నా మాట కూడా విన్నారు. సొంతంగా ఒక నియమం నేను ప్రతిపాదిస్తే, దానికి లొంగని ఫోటో వెతికి తెచ్చి చూపించారు. నియమాలన్నీ ఒక పేజీకి ఎక్కాక కొత్త ఫోటోలతో మళ్లీ మొదలుపెడితే మా లెక్కలు దగ్గరపడ్డాయి. పాత లెక్కలన్నీ పక్కనపెట్టి మొదటి నుంచి చేశాం. విసుగొచ్చిందా అంటే, రాలేదు. బొమ్మలోంచి అంకె ఎలా పుడుతుందో నా కళ్లముందే జరుగుతోంది.

ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా అప్పుడే నేర్చుకున్నాను. కణం వైశాల్యాన్ని నాలుగు పైతో గుణించి, చుట్టుకొలత వర్గంతో భాగిస్తే గుండ్రదనం వస్తుంది. పూర్తి వృత్తానికి 1, ఆకారం సాగేకొద్దీ అది తగ్గుతుంది. పదో తరగతి లెక్కలు చాలు. కానీ రెండు మామూలు కణాలు అంటుకుని ఉంటే కంప్యూటర్ వాటిని ఒకటే పొడవాటి కణం అనుకుంటుంది. అందుకే దాని జవాబుని మళ్లీ మనిషి చూడాల్సిందే. ఇంట్లో మా పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఇమేజ్‌జే పనిచేసింది. ఆసక్తి ఉన్నవాళ్లు ల్యాబ్ దొరికేదాకా ఆగకుండా ఈరోజే నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చు.

ఒకరోజు అక్క సికిలింగ్ పరీక్ష, సాల్యుబిలిటీ పరీక్ష చేసి చూపించింది. నేను దూరంగా నిలబడి చూశాను. మొదటిదాంట్లో రక్తపు చుక్కకి సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, గాలి తగలకుండా కవర్ స్లిప్ మూసేస్తే కాసేపటికి కణాలు వంగడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. రెండోదాంట్లో రక్తం కలిపిన ద్రవమున్న గొట్టం వెనక నల్ల గీతలున్న కార్డు పెడతారు. ద్రవం మసకబారి గీతలు కనిపించకపోతే పాజిటివ్. జబ్బు ఉన్నా పాజిటివే, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే జన్యువు వచ్చిన క్యారియర్ అయినా పాజిటివే. ఎవరు ఏదో తేల్చడానికి హీమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో సాల్యుబిలిటీ పరీక్షని నమ్మలేం, పుట్టక ముందు నాటి ఆ హీమోగ్లోబిన్ వాళ్లలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. నేను లెక్కపెట్టే స్మియర్లలో క్యారియర్ రక్తం మామూలుగానే కనిపిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని ఎందుకు పెట్టుకున్నారో ఆరోజు అర్థమైంది. ఇంటికెళ్లి పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ ఈ పరీక్షల కార్డులు చదివి చెప్పడం తెలిసిన మనిషి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "మా పీహెచ్‌సీ నుంచి వెళ్లిన చుక్క ఇంత దూరం ప్రయాణం చేస్తుందా" అంది.

ల్యాబ్ అటెండర్ బాబాయ్ గురించి రాయకపోతే ఈ అనుభవం పూర్తికాదు. మైక్రోస్కోపుల బీరువాలో సిలికా జెల్ సంచులు మార్చడం, నీలం నుంచి గులాబీకి తిరిగినవాటిని ఓవెన్‌లో ఎండబెట్టడం ఆయన పని. "మన సముద్రం గాలికి లెన్సుకి బూజు పట్టీస్తాదమ్మా, రోజూ చూసుకోవాలి" అనేవాడు. ఏ చెత్త పసుపు సంచిలో వేయాలో, ఏది ఎర్రదాంట్లో, సూదులు ఎందుకు తెల్ల డబ్బాలోకే వెళ్లాలో నాకు నేర్పింది ఆయనే. ఆయన సెలవు పెట్టిన రోజు ల్యాబ్ మొత్తం తడబడేది. పరిశోధన పత్రాల్లో ఆయన పేరు కూడా ఉండాలని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

మే చివర్లో డిపార్ట్‌మెంట్ వాళ్ల ముందు పది నిమిషాలు మాట్లాడాను. ఫలితాలు అక్కవి, అవి చెప్పే హక్కు నాది కాదు. మా నియమాల పేజీ గురించి, ముందూ తర్వాతా మా ఇద్దరి లెక్కలు ఎంత దగ్గరపడ్డాయో చెప్పాను. ఒక సార్ లేచి, "మూడో మనిషి మీ పేజీ చదివి లెక్కపెడితే ఇంతే వస్తుందా?" అని అడిగారు. మేం చూడలేదండీ అన్నాను. తర్వాతి వారం అక్క ఒక కొత్త విద్యార్థికి ఆ పేజీ ఇచ్చి, ఏమీ వివరించకుండా లెక్కపెట్టించింది. రెండు నియమాలు మార్చాల్సొచ్చింది.

నీట్ సంగతి కూడా చెప్పాలి, అందరూ చివరికి అడిగేది అదే కాబట్టి. ఆ సెలవుల్లో నా మాక్ టెస్టుల మార్కులు కొంచెం వెనకబడ్డాయి, దసరాకి కోలుకున్నాయి. ఇప్పుడు నేను చదువుతున్నది బీఎస్సీ బయోటెక్నాలజీ. అది నేను కోరుకుని తీసుకున్నదే, అమ్మ కూడా ఇప్పుడు అలాగే చెబుతుంది.

వచ్చే వేసవికి ప్రయత్నించాలనుకునేవాళ్లు సంక్రాంతి అయిన వెంటనే ఉత్తరాలు రాయండి. ఏప్రిల్‌లో అడిగితే ల్యాబుల్లో పీజీ ప్రాజెక్టులతో ఖాళీ ఉండదు. రక్తం, సూక్ష్మజీవులు ముట్టుకునే పని అడగొద్దు. ఫోటోలు, పాత డేటా, లెక్కలు, పిపెట్ సాధన లాంటివి అడిగితే ఒప్పుకోవడం వాళ్లకి తేలిక. ఇక ల్యాబులు నడిపే సార్లకీ మేడమ్‌లకీ ఒక విన్నపం. ఒక టేబుల్, ఒక కంప్యూటర్, వారానికి ఒక గంట చాలు. మా మేడమ్ నాకు ఇచ్చింది అంతకంటే ఎక్కువేమీ కాదు. అరకు నుంచో పాడేరు నుంచో వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. మొదటి చోటు వాళ్లకివ్వండి. ఆ ఫోటోల్లోని రక్తం వాళ్ల ఊళ్ల నుంచే వస్తోంది.